పరిశోధనా వ్యాసము ఎక్కడికి పంపవలెను? రుసుము, ప్రతిష్ఠ, పాఠకుడు

పరిశోధన ముగిసిన తరువాత వ్యాసకర్త ఎదుట నిలుచు ప్రశ్న ఒకటి కలదు: దీనిని ఏ పత్రికకు పంపవలెను? ఈ నిర్ణయమును తరచుగా రెండు శక్తులు నడిపించుచున్నవి. అవి ప్రచురణ రుసుము, పత్రిక ప్రతిష్ఠ. వీటి పనితీరును బోధకులు, వేదాంత విద్యార్థులు గ్రహించుట అవసరమని మేము తలంచుచున్నాము.

1. రుసుము

పాత పద్ధతిలో సాధారణముగా వ్యాసకర్త ఏమియు చెల్లింపడు. గ్రంథాలయము చందా కట్టును. అందరికీ ఉచితముగా చదువనిచ్చు పద్ధతిలో ఆ ఖర్చు అనేక పత్రికలలో వ్యాసకర్త మీదికి వచ్చినది. 'నేచర్' పత్రిక 2021 జనవరి నుండి ఈ పద్ధతి కోరువారికి 9,500 యూరోలు నిర్ణయించెను. విజ్ఞానశాస్త్రములలో ఇట్టి మొత్తమును పరిశోధనా నిధులు భరించుట కలదు. వేదాంత పరిశోధకునికి అట్టి నిధి అరుదు గనుక రుసుము లేని పత్రికనే వెదకుకొనవలసి వచ్చును.

2. ప్రతిష్ఠ

ప్రతిష్ఠకు వాడుకలోనున్న కొలత ఇంపాక్ట్ ఫ్యాక్టర్. పత్రికలో గత రెండేండ్లలో వచ్చిన వ్యాసములను ఈ ఏడు ఇతరులు ఎన్నిమార్లు ఉదహరించిరో లెక్కించి, ఆ వ్యాసముల సంఖ్యచే భాగింతురు. ఇది పత్రిక సగటే గాని ఒక్కొక్క వ్యాసము విలువ కాదు. అయినను ఉద్యోగము, పదోన్నతి దానితో ముడిపడినప్పుడు పరిశోధకుడు అటే చూచును. మన దేశములో 2010 నాటి యు.జి.సి. నిబంధనలు ప్రచురణలకు పాయింట్లు కేటాయించినవి.

3. రెండును కలిసినచోట

పాయింట్ల అవసరము పెరిగినచోట డబ్బుకు వ్యాసమును అచ్చువేయు వారును పుట్టుదురు. హైదరాబాదు కేంద్రముగా నడచిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసెను. రుసుము సంగతి ముందుగా తెలుపలేదనియు, నిపుణుల పరిశీలన విషయమున తప్పుదారి పట్టించిరనియు అభియోగము. 2019 మార్చిలో న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలెనని తీర్పిచ్చెను. యు.జి.సి. 2018 మే నెలలో తన జాబితానుండి 4,305 పత్రికలను తొలగించెను. 2019లో కేర్ జాబితాను తెచ్చి, 2025లో దానిని విరమించెను. కావున వ్యాసకర్త స్వంత వివేచనకు జాబితా ప్రత్యామ్నాయము కాజాలదు.

4. మరువబడిన పాఠకుడు

గోవాడ ప్రాంతము చెరకు సీమ. సమీపమున అనకాపల్లిలో 1913 నుండి చెరకు పరిశోధన జరుగుచున్నది. అట్టి పరిశోధన ఆంగ్ల పత్రికలోనే నిలిచిపోయిన యెడల వ్యాసకర్తకు పాయింట్లు కలుగవచ్చును గాని, చెరకు నాటువానికి దక్కునది తక్కువ. తెలుగు సంఘము గూర్చి ఆంగ్లములో మాత్రమే వ్రాసిన వేదాంత వ్యాసమునకును ఇదే వర్తించును.

ముగింపు

వ్యాసము పంపకముందు నాలుగు సంగతులు విచారింతము: పరిశీలకులు ఎవరు? రుసుము ఎంత, దానిని ముందుగా తెలిపిరా? పాత సంచికలు చదువదగినవిగా ఉన్నవా? మన వ్యాసము ఎవరికి అవసరమో వారికి అది చేరునా? మొదటి మూడు మోసమునుండి కాపాడును. నాలుగవది మాత్రమే, మనము ఎవరి కొరకు వ్రాయుచున్నామో తేల్చును.