పుంజును కోయవద్దు! (ఫ్లూ టీకా - తిండిగింజలు)

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

1957 ఏప్రిల్ నెలలో మారిస్ హిల్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడికి పేపర్లో హాంకాంగ్ వార్త ఒకటి కంటబడింది. అక్కడ ఫ్లూ జ్వరంతో వేలాదిమంది జనం ఆసుపత్రుల ముందు బారులు తీరి ఉన్నారని దాని సారాంశం. మనమైతే ‘పాపం’ అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆయన మాత్రం ఆ ప్రాంతం నుంచి నమూనా తెప్పించి, పరీక్షించి, యిది జనంలో దాదాపు ఎవరికీ ఎదురుశక్తి లేని కొత్తరకం ఫ్లూ అని తేల్చాడు. వెంటనే టీకాలు చేసే కంపెనీల వెంటబడ్డాడు. వాళ్ళకు ఆయన చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి కోళ్ళ రైతులకు సంబంధించింది. ఈ సీజనులో పుంజుల్ని కోసెయ్యవద్దని రైతులకు చెప్పండి అన్నాడు! హిల్‌మన్ మోంటానా రాష్ట్రంలో కోళ్ళ మధ్య పెరిగినవాడు కాబట్టి ఆ సంగతి చప్పున తట్టింది కాబోలు. ఆ ఏడాది చివరికి అమెరికాలో సుమారు 4 కోట్ల మోతాదుల టీకా తయారైంది. మన సంగతి చెప్పాలంటే, సింగపూరు నుంచి వచ్చిన ఓడతోపాటు ఆ మే నెలలోనే ఫ్లూ మద్రాసు రేవులో దిగింది. అప్పటికి టీకా ఎక్కడా సిద్ధం కాలేదు.

జ్వరానికీ పుంజుకూ ఏమిటి సంబంధం అంటారా? వైరస్ అనేది బాక్టీరియా మాదిరి గిన్నెలో పోషక ద్రవం పోస్తే పెరిగేది కాదు. దానికి బతికున్న కణం కావాలి. 1930లలో ఆస్ట్రేలియాలో బర్నెట్ అనే శాస్త్రజ్ఞుడు, పిండం ఉన్న కోడిగుడ్డులో ఫ్లూ వైరస్ చక్కగా పెరుగుతుందని చూపించాడు. ఈనాటికీ ప్రపంచంలో ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం గుడ్లలోనే తయారవుతోంది. ఐతే కిరాణా కొట్లో దొరికే ఫారం గుడ్డు దీనికి పనికిరాదు. ఫారంలో పెట్టలే తప్ప పుంజులుండవు. పొదిగితే పిల్లయ్యే గుడ్డు కావాలి. మా ఊళ్ళో పొదగేసిన గుడ్లను వారం తర్వాత చీకట్లో దీపానికి అడ్డంపెట్టి చూస్తారు. ఎర్రటి నరాలు కనిపిస్తే మంచి గుడ్డు, లేకపోతే మురిగిపోయింది. టీకా ఫ్యాక్టరీలో కూడా యిదే పరీక్ష. దీపం బదులు కరెంటు లైటు, అంతే తేడా. పది పదకొండు రోజుల పిండం ఉన్న గుడ్డుకి చిన్న బెజ్జం చేసి వైరస్‌ను ఎక్కిస్తారు. రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచితే లోపలి ద్రవంలో కోట్లాది వైరస్‌లు నిండుతాయి. ఆ ద్రవాన్ని తీసి, మందు కలిపి వైరస్‌ను చంపి, శుద్ధిచేసి సీసాలకెత్తితే టీకా అయింది. ఒక రకం వైరస్‌కి, ఒక మనిషికి సుమారు ఒక గుడ్డు అని లెక్క. కోటిమందికి టీకా అంటే కోటి గుడ్లన్నమాట, అవీ జీవమున్నవి.

మశూచికి ఒకే టీకా తరతరాలు పనిచేసింది కదా, ఫ్లూకి ఏటేటా కొత్తది ఎందుకు అని మా క్లాసులో కూడా అడిగారు. ఈ వైరస్ ఒంటి మీద ముళ్ళలాంటివి రెండు రకాలుంటాయి. హెచ్ అనీ ఎన్ అనీ వాటికి పేర్లు. మన రక్తం గుర్తుపట్టేది వాటినే. వైరస్ తన జన్యువులకు నకలు రాసుకునేటప్పుడు తరచు తప్పులు రాస్తుంది, దాంతో ముళ్ళ ఆకారం ఏటా కొంచెం కొంచెంగా మారుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, రాబోయే కాలపు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. ఇది మామూలు తంతు. ఎప్పుడో ఒకసారి మాత్రం పక్షుల వైరసూ మనుషుల వైరసూ ఒకే కణంలో జొరబడి జన్యువులు కలగలుపుకుని, పూర్తిగా కొత్త వేషంతో బయటికొస్తాయి. 1957లో జరిగిందదే, 1968లో జరిగిందీ అదే. 2009లో వచ్చింది పందుల దారిన వచ్చింది.

చిక్కంతా యిక్కడుంది. కొత్త వైరస్ దొరికిన రోజు నుంచి మొదటి టీకా సీసాలు బయటికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. 2009 ఏప్రిల్‌లో మెక్సికోలో బయటపడిన ఫ్లూ, మే నెలకల్లా విమానమెక్కి హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో గుర్తించిన మొదటి కేసు అదే. మన దేశంలో తయారైన టీకా మాత్రం 2010 జూన్‌కి గాని మార్కెట్లోకి రాలేదు. ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెళ్ళి భోజనాలు అయ్యాక విస్తళ్ళు వచ్చినట్టయింది! హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, గుడ్డుతో పనిలేకుండా కణాల్లో పెంచిన టీకాను ఆ ఏడాదే తెచ్చింది గాని, అది కూడా అలస్యమే. కోవిడ్ నాటి ఎం.ఆర్.ఎన్.ఏ. పద్ధతితో యింకా త్వరగా చెయ్యవచ్చు. అయినా తయారైన టీకా ఓడరేవులూ గోదాములూ దాటి మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరడానికి కొన్ని నెలలు తప్పవు.

కాబట్టి ఊరు సిద్ధపడటమంటే టీకా కోసం క్యూ కట్టడం ఒక్కటే కాదు, టీకా రాని ఆ నెలల్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది కూడా ఆలోచించాలి. ఈ రెంటినీ విడదీస్తే ఏమవుతుందో 1918 చెబుతుంది.

ఆ ఏడు జూన్‌లో ఫ్లూ బొంబాయి రేవులో దిగింది. యుద్ధం నుంచి వచ్చే ఓడల్లో వచ్చిందంటారు. మొదటి విడత తేలిగ్గానే పోయింది. అదే ఏడు నైరుతి ఋతుపవనం దెబ్బతీసింది. దేశం మొత్తం మీద వాన మామూలుకన్నా దాదాపు నాలుగోవంతు తక్కువ. యుద్ధంవల్ల అప్పటికే ధరలు మండుతున్నాయి. సెప్టెంబరులో మద్రాసులో జనం కొట్లమీద పడి బియ్యం, బట్టలు దోచుకున్నారు. రాజధానిలోనే అలా ఉంటే, తక్కిన జిల్లాల్లో ఆకలి ఎంతో ఊహించుకోవచ్చు. సరిగ్గా ఆ నెలల్లోనే రెండో విడత ఫ్లూ వచ్చిపడింది. అది ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ వదిలి, ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యవాళ్ళనే ఎక్కువగా తీసుకుపోయింది. అంటే అరక పట్టేవాళ్ళనూ, కోతకోసేవాళ్ళనూ అన్నమాట. దేశంలో పోయినవాళ్ళు కోటీ 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా అని రకరకాల అంచనాలున్నాయి. 1911కీ 1921కీ మధ్య మన జనాభా పెరగకపోగా కొంచెం తగ్గింది. జనాభా లెక్కలు మొదలయ్యాక అలాంటి దశాబ్దం మళ్ళీ రాలేదు.

ఖరీఫ్ పంట ఎంత పండిందో అంత కోసుకోవాల్సిన రోజులవి, రబీ విత్తాల్సిన రోజులూ అవే. మంచంపట్టిన ఇంట్లో ఎవరు విత్తుతారు? దీనిమీద అర్థశాస్త్రంలో పెద్ద వాదమే నడిచిందని మా ఎకనామిక్స్ మిత్రుడొకడు చెబితే లైబ్రరీలో చూశాను. పల్లెల్లో మనుషులు అవసరానికి మించి ఉన్నారు, కొందరు తగ్గినా పంట తగ్గదని అప్పట్లో ఒక సిద్ధాంతం ఉండేది. థియోడర్ షుల్జ్ అనే ఆర్థికవేత్త 1964లో 1918 ఫ్లూ లెక్కలు తీసి, కూలిజనం తగ్గినచోట్ల సాగైన భూమి కూడా తగ్గింది, దేశం మొత్తం మీద దాదాపు 4 శాతం తగ్గింది చూడండి అన్నాడు. అమర్త్య సేన్ ఆ లెక్కకట్టిన తీరును ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరిలో ఎవరు నెగ్గారో తేల్చేటంత చదువు నాకు లేదు గాని, కోతలప్పుడు నలుగురు కూలీలు రాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

2020 మార్చిలో దేశమంతా మూతబడినప్పుడు 1918 ఎందుకు మళ్ళీ రాలేదు? ఫ్లూకీ కోవిడ్‌కీ తేడా ఉంది, నిజమే. కాని గోదాముల్లో బియ్యం, గోధుమలు నిండుగా ఉండటం పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ ఏప్రిల్ నుంచి 2022 డిసెంబరు దాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, కార్డున్న మనిషికి నెలకు 5 కిలోల గింజలు అదనంగా ఉచితంగా ఇచ్చారు. గింజ నిలవ ఉంటుంది కాబట్టి సరిపోయింది. నిలవ ఉండనివాటి గతి వేరు. మా నాన్న ఆ వేసవిలో అరటిగెలలు కోయించిన కూలి కూడా రాదని తోటలోనే వదిలేశాడు. మేకలు తిన్నన్నాళ్ళు తిన్నాయి. అదే నెలలో పట్నంలో ఉన్న మా పిన్ని పండ్లు దొరకడం లేదని ఫోన్లో వాపోయింది. తిండి కొరత అంటే పంట లేకపోవడమే కానక్కర్లేదు, లారీ లేకపోయినా, హమాలీ మంచంపట్టినా అదే కొరత.

ఇక గుడ్డు సంగతికి మళ్ళీ వద్దాం. గుడ్లు ఎక్కువగా ఉత్పత్తయ్యే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్‌ది ముందువరస, తెలంగాణా వెనకబడి లేదు. బడి భోజనంలోనూ అంగన్‌వాడీలోనూ పేదపిల్లలకు దొరికే మంచి మాంసకృత్తి అదే. ఇప్పుడు శాస్త్రజ్ఞులు భయపడుతున్న హెచ్5ఎన్1 వైరస్ మొదట చంపేది కోళ్ళనే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనూ, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లోనూ యీ బర్డ్ ఫ్లూ వచ్చి, కోళ్ళను చంపి పూడ్చిపెట్టాల్సివచ్చింది. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ వైరస్‌తోనే చనిపోయింది. అది మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం నేర్చుకోలేదు గాని, నేర్చుకుంటే టీకా చెయ్యడానికి కావలసిన కోళ్ళమందలకూ అదే వైరస్ గండం. పైగా యీ జాతి వైరస్ గుడ్డులోని పిండాన్నే చంపేస్తుంది. ప్రయోగశాలలో దాని జన్యువుల్లో కోర తీసేసి, మెత్తబరచిన వైరస్‌తోనే టీకా చెయ్యాలి. ఇలాంటి టీకాను ఫిన్‌లాండ్ 2024లోనే కోళ్ళ, నక్కల ఫారాల్లో పనిచేసేవాళ్ళకు వెయ్యడం మొదలుపెట్టింది.

గోదావరి జిల్లాల్లో ఆ నెల జనం కోడిమాంసం, గుడ్డు మానేశారు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది, మన కూర ఉడికే వేడి అంతకు మించి ఉంటుంది. ఆ ముక్క ముందుగా చెప్పినవాళ్ళు లేరు. తర్వాత చికెన్ మేళాలు పెట్టి వండి వడ్డించి నమ్మకం కలిగించాల్సి వచ్చింది. రైతు వైపునుంచి కూడా ఒక మాట. చచ్చిన కోడిని చూపిస్తే పరిహారం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, చూపించకుండా రాత్రికిరాత్రి కాలవలో పడేసేవాళ్ళు ఉంటారు. పరిహారం ఆ వారంలోనే చేతికొస్తే అదే మొదటి టీకా.

నమ్మకం గూర్చి అమెరికావాళ్ళకు కూడా 1976లో పాఠమైంది. ఒక సైనిక శిబిరంలో పందుల ఫ్లూతో ఒకరు చనిపోతే దేశమంతా టీకా అన్నారు. అక్టోబరులో మొదలుపెట్టిన కొద్ది రోజులకే పిట్స్‌బర్గ్‌లో ఒకేచోట టీకా వేసుకున్న ముగ్గురు వృద్ధులు చనిపోయారు. అవి గుండెజబ్బు చావులని తేలినా భయం పాకిపోయింది. తర్వాత గిలన్-బారీ అనే నరాల జబ్బు లక్షమందికి ఒకరి చొప్పున అదనంగా కనిపించి, 4 కోట్లమందికి పైగా వేశాక డిసెంబరులో ఆపేశారు. ఆ ఫ్లూ ఏమో శిబిరం దాటి రానేలేదు.

పిట్స్‌బర్గ్ లెక్కను మన ఊరికి అన్వయించి చూడండి. మూడువేల జనాభా గల ఊళ్ళో, వెయ్యికి ఏడాదికి ఏడుగురి చొప్పున, ఏ టీకా లేకుండానే నెలకు ఒకరో ఇద్దరో పోతారు. ఊరందరికీ ఒక సోమవారం టీకా వేస్తే, ఆ నెలలో పోయే ఆ ఇద్దరూ టీకా వేసుకున్నవాళ్ళే అయివుంటారు. ఈ లెక్కను టీకాకు ముందే రచ్చబండ దగ్గర చెబితే వింటారు. చావు జరిగాక చెబితే సాకు అంటారు. చెయ్యి నొప్పి, ఒకరోజు జ్వరం ఉంటాయని కూడా ముందే చెప్పాలి. కూలికి పోయేవాళ్ళకు ఆ ఒక్కరోజు కూలి పోవడమే పెద్ద సంగతి.

మరి ముందు ఎవరికి? డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, గర్భిణులు, వృద్ధులు, షుగరు ఉన్నవాళ్ళు అని మామూలుగా జాబితా ఉంటుంది. అది సబబే. దానికి రేషన్ డీలరునూ, బియ్యంమిల్లు హమాలీలనూ, లారీ డ్రైవర్లనూ, నాట్ల ముఠాలనూ చేర్చాలని నేనంటాను. టీకా వేసిన రెండు వారాలకు గాని ఒంట్లో శక్తి రాదు. మా వైపు నాట్లు జూలై చివర మొదలవుతాయి. కాబట్టి టీకా డబ్బా జూలై మొదటి వారానికల్లా ఊళ్ళో ఉండాలి, గడ్డకట్టకుండా, 2 నుంచి 8 డిగ్రీల చలిలో. కబురు పంపాల్సింది ముందుగా ముఠామేస్త్రికి. ఏ పొద్దు పొలంలో పని లేదో ఆయనకే తెలుస్తుంది.