పత్తి విత్తనం ప్యాకెట్‌లోకి చేరేదాకా: అపోహలు – వాస్తవాలు

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు వంటి మండలాల్లో పత్తి, మిర్చి వేసే రైతు తొలకరికి ముందు తీసుకునే నిర్ణయాల్లో ఏ కంపెనీ విత్తనం కొనాలన్నదే పెద్దది. ఒకసారి గింజ నేలలో పడ్డాక ఎరువునూ మందునూ మార్చుకోవచ్చు గాని విత్తనాన్ని మార్చుకునే వీలుండదు. అక్కడికి ఎంతో దూరం లేని నూజివీడు పేరుతో 1973లో మొదలైన నూజివీడు సీడ్స్, దేశంలోని పెద్ద పత్తి విత్తన సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. దాని బన్నీ, మల్లిక సంకరాల పేర్లు తెలుగు నేలపై పత్తి పండించేవారికి కొత్తవి కావు. అయినా ఒక కొత్త విత్తనం ఎలా రూపొందుతుంది, ఎవరు పరీక్షిస్తారు, దుకాణానికి ఎలా వస్తుంది అన్న విషయాల్లో ప్రచారంలో ఉన్న మాటలు చాలావరకు సగం నిజాలు.

అపోహ: హైబ్రిడ్ విత్తనాలన్నీ జన్యుమార్పిడి విత్తనాలే.

హైబ్రిడ్, అంటే సంకరం, రెండు వేర్వేరు శుద్ధ వంశాల మొక్కలను ఒకదానితో ఒకటి కలిపితే వచ్చే తొలి తరం విత్తనం. తల్లిదండ్రులిద్దరి కంటే ఆ తరం ఏపుగా పెరిగి ఎక్కువ కాపు కాయడాన్ని సంకర తేజం అంటారు. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి పత్తి సంకరం హైబ్రిడ్–4ను 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి.పటేల్ రూపొందించారు, అందులో పరాయి జన్యువు ఏదీ లేదు. జన్యుమార్పిడి అంటే మరో జీవికి చెందిన జన్యువును మొక్క కణంలోకి చొప్పించడం. ఈ పద్ధతిలో వచ్చిన బీటీ పత్తికి దేశంలో 2002 మార్చి 26న అనుమతి లభించింది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం నిలిపివేయడంతో, రైతుల పొలాల్లో చట్టబద్ధంగా విస్తరించిన జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే అయింది. కాబట్టి మిర్చి ప్యాకెట్ మీదో టమాటా ప్యాకెట్ మీదో హైబ్రిడ్ అని ఉన్నంత మాత్రాన అందులో జన్యుమార్పిడి జరిగిందని కాదు.

అపోహ: కంపెనీ తన ప్రయోగశాలలో కొత్త విత్తనాన్ని కనిపెడుతుంది.

ప్రయోగశాల పాత్ర ఉంది గాని, అది ఈ కథలో చిన్న భాగం. బీటీ పత్తి సంగతే చూస్తే, బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా నుంచి తీసిన క్రై1ఎసి జన్యువును అమెరికాలో కోకర్–312 అనే పత్తి రకంలోకి ఎక్కించారు, ఎందుకంటే ఒక్క కణం నుంచి పూర్తి మొక్కను పెంచడానికి ఆ రకం అనువుగా ఉండేది. అయితే ఆ రకాన్ని యథాతథంగా మన పొలాల్లో వేస్తే మన వానలకూ, రసం పీల్చే పురుగులకూ తట్టుకోలేదు. అందుకే జాల్నా కేంద్రంగా పనిచేసే మహికో సంస్థ 1990ల మధ్యలో కొద్దిపాటి విత్తనాన్ని దిగుమతి చేసుకుని, దాన్ని తన సొంత పత్తి వంశాలతో పదే పదే సంకరం చేయవలసి వచ్చింది.

ఈ పనిని వెనుక సంకరణ అంటారు. తొలి సంకరంలో స్థానిక వంశపు పాలు సగం ఉంటుంది. దాన్ని మళ్లీ ఆ స్థానిక వంశంతోనే కలిపితే సగటున 75 శాతం, ఆ తర్వాత 87.5, ఆ తర్వాత 93.75, ఇలా తరం తరానికీ పాలు పెరుగుతూ ఆరో వెనుక సంకరణ నాటికి 99 శాతం దాటుతుంది. ప్రతి తరంలోనూ బీటీ జన్యువు నిలిచిన మొక్కలను పరీక్షించి ఉంచుకుని, తక్కినవాటిని పీకివేస్తారు. సంవత్సరానికి ఒక తరం, నీటి వసతి ఉన్నచోట రెండో పంట కూడా వేస్తే రెండు తరాలు సాగుతాయి. అంటే ప్రయోగశాలలో జన్యువు చేరిన తర్వాత కూడా పొలంలో ఏళ్ల తరబడి ఏరివేత మిగిలే ఉంటుంది. ఇతర కంపెనీలు జన్యువును కొత్తగా కనిపెట్టలేదు, లైసెన్సు తీసుకుని తమ సంకరాల్లోకి తెచ్చుకున్నాయి. బన్నీ, మల్లికల బీటీ రూపాలు 2005లో ఆ దారినే వచ్చాయి. ఆ లైసెన్సు రుసుముపై జన్యువు యజమాని మోన్‌శాంటోకూ నూజివీడు సీడ్స్‌కూ మధ్య మొదలైన వివాదం జన్యువుపై పేటెంటు చెల్లుతుందా అన్న ప్రశ్న దాకా పెరిగి, 2018లో ఢిల్లీ హైకోర్టు చెల్లదనడం, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి కేసును తిరిగి విచారణకు పంపడం, చివరకు 2021లో ఇరుపక్షాలూ రాజీ పడడం జరిగాయి.

ప్రైవేటు సంకరాల పునాదిలో ప్రభుత్వ పరిశోధన ఎంతుందో కంపెనీల ప్రకటనలు చెప్పవు. సంకర పత్తి దారి తెరిచింది సూరత్, ధార్వాడ కేంద్రాలు. తెల్లదోమను తట్టుకునే కాంచన రకం గుంటూరు దగ్గరి లాం ఫారంలో పుట్టింది.

అపోహ: రైతు మళ్లీ విత్తుకుంటే మొలవకుండా కంపెనీలు గింజను చంపేస్తాయి.

ఈ భయానికి మూలం 1998లో అమెరికాలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీకీ ఆ దేశపు వ్యవసాయ శాఖకూ కలిపి వచ్చిన ఒక పేటెంటు. రెండో తరం గింజ మొలకెత్తకుండా చేసే ఆ పద్ధతికి విమర్శకులు టెర్మినేటర్ అని పేరు పెట్టారు. అది ఏ దేశంలోనూ మార్కెట్‌కు రాలేదు. భారతదేశపు 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం అటువంటి సాంకేతికత ఉన్న రకానికి రిజిస్ట్రేషనే ఇవ్వరాదని చెబుతుంది. సంకర పత్తి నుంచి తీసిన గింజ చక్కగా మొలుస్తుంది. చిక్కు వేరేచోట ఉంది: తొలి తరంలో జంటగా కుదిరిన తల్లిదండ్రుల లక్షణాలు రెండో తరంలో చెదిరిపోయి, పొలంలో పొడుగూ పొట్టీ, ముందు కాసేదీ వెనుక కాసేదీ కలగాపులగమవుతాయి, దిగుబడి పడిపోతుంది. ఏటేటా విత్తనం కొనక తప్పని ఈ స్థితి కంపెనీకి లాభమే. సంకరాలనే అవి ఎంచుకోవడంలో ఆ లెక్క లేదనడం అమాయకత్వం. అయితే అది ప్రకృతి నియమాన్ని వాడుకోవడం, గింజను చంపడం వేరు.

అపోహ: ప్రభుత్వం ఆమోదించిందంటే దిగుబడికి హామీ ఉన్నట్టే.

అపోహలన్నింటిలో రైతుకు ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. జన్యుమార్పిడి పంటను పరిశీలించే కేంద్ర కమిటీ, జీఈఏసీ, ప్రధానంగా చూసేది జీవభద్రతను, అంటే మనుషులకూ పశువులకూ పర్యావరణానికీ కలిగే ప్రమాదాన్ని. దిగుబడి సమాచారం కూడా దాని ముందుకు వస్తుంది గాని, అది పరీక్షా క్షేత్రాల సగటు. కంపెనీ తన క్షేత్రంలో మొదట వందలాది సంకరాలను పక్కపక్కనే వేసి, మెరుగైన కొన్నింటిని వేర్వేరు ప్రాంతాల్లో నాటి, చివరికి రైతుల పొలాల్లో చిన్న మడులుగా వేయించి ఒకటి రెండింటిని అమ్మకానికి ఎంచుకుంటుంది. నల్లరేగడిలో, తడి అందే క్షేత్రంలో గెలిచిన సంకరం వానను నమ్ముకున్న ఎర్రనేలలో అంతే కాస్తుందని ఆ సగటు చెప్పలేదు. 2002లో ఆమోదం పొందిన మూడు మహికో సంకరాలు మెక్–12, మెక్–162, మెక్–184లకు రైతుల ఫిర్యాదుల తర్వాత 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించకపోవడం ఇందుకు ఉదాహరణ.

ప్యాకెట్ మీది ట్యాగు రంగు కూడా ఇక్కడ గమనించదగినది. ప్రభుత్వ ధృవీకరణ సంస్థ పరీక్షించిన సర్టిఫైడ్ విత్తనానికి నీలి ట్యాగు ఉంటుంది. ఆకుపచ్చ లేబుల్ ఉన్న విత్తనం మొలక శాతానికీ స్వచ్ఛతకూ కంపెనీయే పూచీ పడేది, దీన్ని ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనమంటారు. ప్రైవేటు సంకరాలు ఎక్కువగా ఈ రెండో కోవకు చెందుతాయి. సంకర పత్తికి కనీస మొలక 75 శాతం ఉండాలి. ఆ ప్రమాణం గింజ మొలిచేదాకానే, కాయ పట్టేదాకా కాదు. విత్తనం ఇస్తానన్న ఫలితం ఇవ్వకపోతే రిజిస్టరైన రకాల విషయంలో రైతు పరిహారం కోరవచ్చని 2001 చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. అందుకు కొన్న రసీదు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరు చేతిలో ఉండాలి.

అపోహ: ప్యాకెట్ ధరంతా పరిశోధన ఖర్చే.

సంకర పత్తి విత్తనం తయారీ మనిషి వేలి కొసల మీద నడిచే పని. కర్నూలు, గద్వాల ప్రాంతాల విత్తన పొలాల్లో, సాయంత్రం వేళ మర్నాడు విచ్చుకోబోయే ప్రతి మొగ్గనూ ఎంచి, బొటనవేలి గోటితో రేకులనూ పుప్పొడి కేసరాలనూ కలిపి ఒలిచేసి, కీలాగ్రాన్ని మాత్రం నిలుపుతారు; మర్నాడు ఉదయం మగ వరుసల నుంచి తెంపిన పువ్వును ఆ కీలాగ్రానికి అద్దుతారు. కళ్లు తప్పి తనంతట తాను పూసిన పువ్వు ఆడ వరుసలో కాయగా మారితే స్వచ్ఛత దెబ్బతింటుంది, కాబట్టి దాన్ని గిల్లిపారేయాలి. ఒక ప్యాకెట్ నిండాలంటే వందకు పైగా మొగ్గలకు ఈ పని జరగాలి. ఈ పనిలో ఆడపిల్లలను పెట్టడంపై 2000ల తొలినాళ్లలో వచ్చిన విమర్శ ఇప్పటికీ మరవదగినది కాదు.

అదే సమయంలో ధరలో పెద్ద భాగం చాలా కాలం జన్యువు యజమానికి చెల్లించే రుసుమే. 2006కు ముందు 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలికితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎమ్మార్టీపీ కమిషన్‌ను ఆశ్రయించాక 750 రూపాయలకు దిగింది. 2016 నుంచి కేంద్రమే ధర నిర్ణయిస్తోంది. రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్–2 ప్యాకెట్‌కు ఆ ఏడాది 800 రూపాయలు, అందులో జన్యు రుసుము 49 రూపాయలు. ఆ రుసుము 2020 నాటికి పూర్తిగా రద్దయింది. ఒకే గింజ, ఒకే పొలం పని. ధర మాత్రం సగానికి దిగగలిగింది.

అపోహ: జూన్‌లో విత్తనం దొరకలేదంటే దుకాణదారు దాచినట్టే.

దాచిపెట్టి ఎక్కువకు అమ్మే వాళ్లు లేకపోలేదు. అయితే ఈ జూన్‌లో అమ్మే విత్తనం నిరుటి ఖరీఫ్‌లో పూసింది. దాని తల్లిదండ్రుల వంశాల గింజను అంతకు ముందే పెంచి ఉంచాలి. దూది వేరుచేసి, గింజ మీది నూగును ఆమ్లంతో తొలగించి, మందు పట్టించి, మొలక పరీక్ష చేసి, నమూనాను నాటి స్వచ్ఛత చూశాకే ప్యాకెట్ కడతారు. అంటే ఏ సంకరం ఎంత కావాలన్న అంచనా రెండేళ్ల ముందే వేయాలి. చలికాలంలో పత్తి ధర పెరిగి రైతులంతా ఒకే పేరు అడిగితే, అప్పటికప్పుడు ఆ గింజను పుట్టించడం ఏ కంపెనీ తరమూ కాదు. నకిలీ ప్యాకెట్లు, అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనాలు ఊళ్లలోకి చొరబడేది ఈ సందులోంచే.

అపోహ: గులాబీ రంగు పురుగు పట్టిందంటే ఆ బీటీ విత్తనం నకిలీదే.

అసలు విత్తనం వేసిన చేలోనూ ఇప్పుడు ఈ పురుగు పడుతోంది. 2006లో వచ్చిన బోల్‌గార్డ్–2లోని రెండు విషాలకూ అది అలవాటు పడినట్టు 2010ల మధ్యకల్లా తేలింది. ఇందుకు భారతీయ సంకర పత్తిలోనే ఒక కారణం ఉంది: జన్యువు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి, సంకర మొక్క కాయలోని గింజల్లో నాలుగో వంతుకు ఒక్కో బీటీ జన్యువు అందదు, ఒకే కాయలో విషం ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కనే తిన్న పురుగు చావకుండా నిరోధం పెంచుకునే అవకాశం ఎక్కువ. నిరోధాన్ని నెమ్మదింపజేయడానికి పొలం చుట్టూ నాటమని 120 గ్రాముల బీటీ లేని గింజను వేరే సంచిలో ఇస్తే చాలామంది రైతులు నాటలేదు, చాలాచోట్ల ఆ గింజ నాణ్యత కూడా నాటదగినంతగా లేదు. దాంతో ఇప్పుడు బీటీ లేని గింజను అదే ప్యాకెట్‌లో ముందే కలిపి అమ్ముతున్నారు. చేలో అక్కడక్కడా ఒక మొక్కకు పురుగు ముందుగా కనిపిస్తే, అది ఆ కలిపిన గింజ మొక్క కావచ్చు.