నీళ్ల సంగతి నీళ్లు మోసేవాళ్లనే అడగండి

పటాన్‌చెరు అనగానే అందరికీ ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. మరి నక్కవాగు ఎంతమందికి తెలుసు? పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల మురుగును ఏళ్ల తరబడి మోసుకెళ్లి మంజీరలో కలిపిన వాగు అది. చెరువులు, పొలాలు, బోరు నీళ్లు అన్నీ పాడయ్యాయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. తన దగ్గరకొచ్చే రోగుల అవస్థ చూసిన స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఈ పోరాటానికి ముందు నిలిచారు.

ఇది అక్కడివాళ్ల గొడవే అనుకోకండి. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించారు. ఇన్‌ఫెక్షన్లకు డాక్టర్లు రాసే మందే అది! అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మక్రిములు ఆ మందుకు లొంగవు. రేపు మన పిల్లలకు జబ్బు చేస్తే ఆ మాత్ర పనిచేయకపోవచ్చు.

అయితే నష్టం అందరికీ సమానం కాదు. పొలం పాడైతే రైతు పట్టా చూపించగలడు. ఒళ్లు పాడైన కూలిమనిషి ఏం చూపిస్తుంది? బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చి కిరాయి గదిలో ఉండే కార్మికుడి భార్య ఏ గ్రామసభలో కూర్చుంటుంది?

ఇలాంటి సమావేశాలకు నేనూ వెళ్తుంటాను. ముందు మాట్లాడేది మగవాళ్లే. వెనక వరసలో కూర్చున్నామెను "ఒళ్లెట్లుంది అక్కా?" అంటే, "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంటుంది. అదే "ఏ నీళ్లు తాగుతున్నరు, నెలకెంతయితది?" అని అడిగి చూడండి. క్యాన్లకింత, దురద మందుకింత, కూలి పోయిన రోజులిన్ని... మొత్తం లెక్క బయటికొస్తుంది. ఆరోగ్యం గురించి మాటలు అక్కడే మొదలుకావాలి.

అందుకని సభ పెట్టేవాళ్లు షిఫ్టు దిగే వేళ చూసి, ఆడవాళ్ల గడప దగ్గరే కూర్చోవాలి. హిందీ, ఒడియా వచ్చినవాళ్లను వెంటబెట్టుకోవాలి. ఆయాసం, దురద, గర్భం పోవడం... ఏ నెలలో వచ్చింది, అప్పుడు తాగిన నీళ్లు ఎక్కడివి అని ఒక నోటుపుస్తకంలో రాయాలి. వేయి మాటలకన్నా ఆ పుస్తకం గట్టి సాక్ష్యం.

ఇంకో సంగతీ చెప్పాలి. ఇ.ఎస్.ఐ. వర్తించే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ ఆ హక్కుంది. 2017లో దాని జీతం పరిమితిని నెలకు 21,000 రూపాయలకు పెంచారు. చందా 70 రోజులకు కట్టి ఉంటే కాన్పుకు 26 వారాల దాకా భత్యం వస్తుంది. రామచంద్రాపురంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. మీ వీధిలో ఫ్యాక్టరీకి వెళ్లే అక్కచెల్లెళ్లుంటే, కార్డు ఉందో లేదో ఈ వారమే అడగండి. లేకపోతే ఆ పేరు కూడా పుస్తకంలో రాయండి.