వార్తల్లో పదం: గరిష్ఠ వైద్య మెరుగుదల

పనిలో గాయపడిన కార్మికుడికి ఇక మందులు వాడినా, ఆపరేషన్ చేసినా చెప్పుకోదగ్గ మార్పు రాదని డాక్టరు తేల్చే దశ ఇది. అమెరికా కార్మిక పరిహార చట్టాల్లో తరచూ వినిపిస్తుంది. పూర్తిగా నయమైందని కాదు. నొప్పి మిగలొచ్చు, మందులూ సాగొచ్చు.

మన చట్టంలో ఈ పేరు లేకపోయినా ఈ గీత ఉంది. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి మిల్లులో ఒకరి చెయ్యి యంత్రంలో పడిందనుకోండి. ఈఎస్‌ఐ ఉంటే, పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం భత్యం వస్తుంది. లేనివారికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇమ్మంది, గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ చట్టం స్థానంలోకి 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ వచ్చింది.

గాయం ఒక చోట ఆగిపోయాక తాత్కాలిక భత్యం ముగిసి, శాశ్వత వైకల్యం లెక్క మొదలవుతుంది. 1923 చట్టం పట్టికలో చేతి బొటనవేలు పోతే 30 శాతం సంపాదన నష్టం. కానీ పట్టిక ఒక్కటే చాలదు. ఎడమచెయ్యి మోచేతి పైకి తెగిపోయిన వడ్రంగికి అది నూరు శాతం నష్టమేనని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక. నాకు ఇదే న్యాయమైన కొలత. ఆ నష్టం గాయం కుదుటపడ్డాకే తేలుతుంది; అందుకే అంతకుముందే యజమాని తొందరపెట్టి రాజీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకూడదు. ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు వేసిన శాతం తక్కువనిపిస్తే అప్పీలుకూ దారి ఉంది.