మల్లె బతకని చోట లైలాక్ పూస్తది

మనోళ్లు అమెరికాల ఇల్లు కొన్నరంటే, గృహప్రవేశం ఫొటోల తర్వాత వచ్చే ఫొటో ఏందో తెలుసా? కుండీల మల్లెచెట్టు. ఇంటెనుక ఎండల, నాలుగు మొగ్గలతోని. ఊర్ల ఉన్న అమ్మ ఆ ఫొటోను వాడకట్టంత చూపిస్తది. ఇది జూన్ ముచ్చట. డిసెంబర్ల అదే చెట్టు ఫొటో ఎవ్వరూ పెట్టరు. అప్పటికది ఎండుపుల్లలయి చెత్తడబ్బాల పడ్తది.

మళ్ల మే నెలల ఇంకో మల్లె కొంటరు. నాకు తెలిసిన ఒక అక్క మినియాపొలిస్‌ల వరుసగ నాలుగేండ్లు ఇదే పని చేసింది. "నా చెయ్యి మంచిది కాదేమో" అని ఆమె బాధ. చెయ్యి మంచిదే. ఆ చెట్టుకే ఆ జాగ పడదు, అంతే.

అమెరికా తోటల ముచ్చట మనకెందుకని అనొద్దు. చదువుకో, కొలువుకో చలిదేశం పోయినోళ్లు లేని ఊరు ఇప్పుడు యాడుంది? రేపు మీరే పోవచ్చు. పోకున్నా సరే, ఇదే లెక్క తెల్వక మన దగ్గర సుత జనం పైసలు పోగొట్టుకుంటున్నరు. అది తర్వాత చెప్త.

మనకు చలంటే ఆదిలాబాద్ చలి. అక్కడ అయిదు డిగ్రీలకు పడితే పేపర్ల పెద్ద వార్త. మినియాపొలిస్‌ల సున్నాకు కింద ఇరవై డిగ్రీలు పోవుడు మామూలే. సున్నా దాటితే నీళ్లు గడ్డకడ్తయ్, చెట్టు లోపల ఉన్నది ఎక్కువ నీళ్లే. ఫ్రిజ్‌ల ఐసు పెట్టే అరల టమాట పెట్టి మరిచిపోయి, తెల్లారి తీసి బయట పెట్టి చూడుండ్రి. మెత్తగయి నీరు కారుతది. లోపలి కణాల పొరలను ఐసు చీల్చేసింది కాబట్టి. మల్లెకు సుత అదే అయితది.

మరి అక్కడి చెట్లు ఎట్ల బతుకుతున్నయ్? అవి చలి వచ్చినంక తయారైతలేవు, ముందే తయారైతయ్. ఎండకాలం చివర పొద్దు గుంజుకపోవుడు మొదలైతే చాలు, గుర్తుపడ్తయ్. కొత్త చిగురు ఆపుతయ్, ఆకు రాలుస్తయ్, కణాలల్ల చక్కెర కూడబెడ్తయ్. చక్కెర కలిసిన నీళ్లు తొందరగ గడ్డకట్టయ్. ఉన్న నీళ్లల్ల కొన్నిటిని కణం బయటి సందులకు పంపిస్తయ్, ఐసు కట్టినా అక్కడ కట్టుకుంటది, కణానికి దెబ్బ తక్కువ. మల్లెకు ఈ విద్య రాదు. పాపం, దానికి తాతల కాలం నుంచి అవసరమే పడలే.

అందుకే చెట్టు కొనే ముందు చూడాల్సింది పువ్వును కాదు, అంకెను. అమెరికా వ్యవసాయ శాఖ ఒక పటం పెట్టింది. ఏడాదిల అన్నిటికన్న ఎక్కువ చలిపడ్డ రాత్రి ఎంతకు దిగుతదో 30 ఏండ్ల సగటు తీసి, దేశాన్ని 13 జోన్లు చేసింది. కొత్త పటం 2023ల వచ్చింది. జోన్ అంకె ఎంత చిన్నదైతే అంత చలి. మినియాపొలిస్ 5ల ఉంది, అంటే సున్నాకు కింద 23 నుంచి 29 డిగ్రీల దాక. న్యూజెర్సీల మనోళ్లు ఎక్కువున్న ఊర్లు 7 దగ్గర. మల్లెకు కావాల్సింది 9, అంతకు పైన. మన ఊర్లను అదే కొలత మీద పెడితే 11 చుట్టుపక్కల పడ్తయ్. ఇంక మల్లె తప్పేముంది?

బ్రిటన్ పోయేటోళ్లు జర జాగ్రత్త. అక్కడి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ లెక్క ఉల్టా. హెచ్1 నుంచి హెచ్7 దాక ఉంటది, అంకె పెరిగినకొద్ది చెట్టు గట్టిది. కెనడాకు వేరే పటం ఉంది. ఒక దేశం అంకె పట్టుకొని ఇంకో దేశంల కొనొద్దు.

అంకె సుత అంతా చెప్పదు. సియాటెల్, డల్లాస్ రెండూ ఆ పటంల పక్కపక్క మెట్ల మీదనే ఉంటయ్. కాని డల్లాస్ ఎండకాలం మన ఎండకాలానికి చుట్టమే, సియాటెల్‌ల అసుంటి ఎండే ఉండదు. సగటు అనేది సుత మోసం చేస్తది. 2021 ఫిబ్రవరిల టెక్సస్ మీద మంచు తుఫాన్ పడ్డది యాదుందా? డల్లాస్‌ల సున్నాకు కింద 19 డిగ్రీలైంది. మన రోడ్ల నడుమ నాటే గన్నేరు అక్కడ సుత ఇండ్ల ముందట మస్తుగుంటది. ఆ వారంల ఎన్నో గన్నేర్లు నేల దాక మాడిపోయినయ్. కొన్ని వేర్ల నుంచి మళ్ల లేచినయ్, కొన్ని లేవలే.

ఇగ ఏం పెట్టాలె? నన్నడిగితే మొదటిది లైలాక్. మల్లె, పారిజాతం, లైలాక్ ముగ్గురిదీ ఒకటే కుటుంబం, చెట్ల శాస్త్రంల ఆలివ్ కుటుంబం అంటరు. అంటే మల్లెకు మేనమామ బిడ్డ అసుంటిది. వాసన మల్లెది కాదు, దానిదే వేరు, కాని వాకిలంత పరుచుకుంటది. జోన్ 3 నుంచి 7 దాక దానికి ఢోకా లేదు. పైంగ చలి పడకపోతే సక్కగ పుయ్యదు, చలికాలం దానికి నిద్ర. న్యూయార్క్ రాష్ట్రంల రోచెస్టర్ అనే ఊర్ల ఏటా మే నెలల లైలాక్ జాతరే చేస్తరు. జాగ చిన్నదైతే మిస్ కిమ్ అనే పొట్టి రకం అడగాలె. 1947ల కొరియా కొండల నుంచి తెచ్చిన విత్తనాలతోని అమెరికాల పుట్టించిన రకం అది.

అదే కుటుంబంల ఫోర్సిథియా ఒకటి. ఆకు రాకముందే కొమ్మ నిండ పసుపు పూస్తది. చూస్తే తంగేడు యాదికొస్తది, కాని ఏప్రిల్‌ల పూస్తది, బతుకమ్మకు అందదు. బతుకమ్మ యాళ్లకు పనికొచ్చేది పానికిల్ హైడ్రాంజియా. జోన్ 3ల సుత బతుకుతది. జులై నుంచి పెద్ద పెద్ద తెల్లటి గుత్తులు పూసి, సెప్టెంబర్‌కు గులాబి రంగు తిరుగుతయ్. ప్లాస్టిక్ పూలతోని పేర్చే బతుకమ్మ కన్న అదే నయం అని నా మాట. తంగేడు లేదని గౌరమ్మ కోపం చెయ్యదు.

హైడ్రాంజియాల ఒక తిరకాసు ఉంది. దుకాణంల గుండ్రటి నీలం పూలతోని మురిపించే పెద్దాకు రకం పోయినేటి కొమ్మ మీద మొగ్గ కడ్తది. చలికి కొమ్మ మాడితే చెట్టు బతికినా పువ్వు రాదు. ఎన్నేండ్లు పెంచినా ఆకులే. పానికిల్ రకం ఆ ఏటి కొత్త కొమ్మకే పూస్తది, అందుకే దానికి చలి భయం తక్కువ. పేరు ఒకటే అని కొంటే దెబ్బతింటం.

మందారం కావాలంటరు, పూజకు. మన ఎర్రమందారం చలిదేశంల కుండీల పెట్టి ఇంట్లకు బయటకు మోసుడే. దాని బదులు రెండున్నయ్. ఒకటి రోజ్ ఆఫ్ షారన్, జోన్ 5 నుంచి. తెలుపు, గులాబి, ఊదా పూస్తది, అసలు ఎరుపు మాత్రం రాదు. దీని శాస్త్రనామంల సిరియా ఉంది కాని సొంతూరు చైనా దిక్కు, దక్షిణ కొరియాకు ఇదే జాతీయ పుష్పం. రెండోది హార్డీ హైబిస్కస్, ఎర్రగ పళ్లెమంత పూస్తది. చలికాలం నేల మీద అంతా చచ్చిపోయి, వేరు నుంచి మళ్ల లేస్తది. అయితే మస్తు ఆలస్యంగ లేస్తది. చుట్టుపక్కల అన్నీ పచ్చగైనా ఇది కిక్కురుమనదు. చచ్చిందనుకొని పీకి పడేసినోళ్లు ఎంతమందో! జూన్ దాక ఆగుండ్రి. వేరే పొదలైతే కొమ్మ మీద గోటితోని గీకి చూడాలె, కింద పచ్చగుంటే పాణమున్నట్టే.

తెల్లపువ్వు, వాసన రెండూ కావాల్నంటే మాక్ ఆరెంజ్ ఉంది, జోన్ 4 నుంచి. నారింజ పూత వాసన. వింటర్ జాస్మిన్ అని పేరు చూసి మాత్రం ఎగబడొద్దు. మల్లెజాతే, చలి సుత ఓర్చుకుంటది, కాని పసుపుపచ్చగ ఉంటది, వాసనే ఉండదు.

కత్తెర ఎప్పుడు పెట్టాలె అన్నదాంట్ల సుత చానమంది తప్పు చేస్తరు. లైలాక్, ఫోర్సిథియా పూసిపోంగనే కత్తిరించాలె. చలికాలం ముందు శుభ్రం చేద్దామని కత్తిరిస్తే వచ్చేటేడు మొగ్గలన్నీ కింద పడ్డట్టే. పానికిల్ హైడ్రాంజియా, రోజ్ ఆఫ్ షారన్ అయితే చలి పోయేటప్పుడు కత్తిరించొచ్చు. ఎండకాలం చివర ఎరువులు వెయ్యొద్దు, లేత చిగురొచ్చి మొదటి మంచుకే మాడుతది. కుండీల పెట్టేటోళ్లు రెండు మెట్లు తక్కువ అంకె చూసుకోవాలె, నేలల వేరుకున్నంత కాపుదల కుండీల ఉండదు. మొదట్ల కట్టెపొట్టు, ఎండాకు పరిస్తే మంచిది. ఇంటెనుకకు జింకలొచ్చే ఊరైతే హైడ్రాంజియాకు జాలి కట్టకపోతే తెల్లారేసరికి మొండి కాడలే ఉంటయ్. లైలాక్ జోలికి అవి అంతగ రావు.

అమ్మలకు ఒక మాట. సూట్‌కేసుల మల్లె అంటు, కరివేపాకు కొమ్మ, తులసికోట మట్టి పెట్టి పంపొద్దు. మట్టి అసలే తీసుకపోనియ్యరు. కరివేపాకు మీద నిమ్మజాతి తోటలను నాశనం చేసే రోగం మోసే పురుగు ఉంటదని ఆపుతరు. చెప్పకుండ తీసుకపోతే ఎయిర్‌పోర్టుల జరిమానా పడేది బిడ్డకే.

ఇగ మన ముచ్చట. ఫోన్ల లైలాక్ విత్తనాలు, నీలం హైడ్రాంజియా మొక్కలు అని యాడ్లు వస్తున్నయ్. ఊటీల నీలంగ పూసే హైడ్రాంజియాను కరీంనగర్ ఎండల పెడితే ఏప్రిల్‌కు కాగితమైతది. లైలాక్ మొలిచినా చలి నిద్ర దొరకక పుయ్యదు. అక్కడ మల్లెకు అయ్యిందే ఇక్కడ వాటికి అయితది. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997ల ఎండకు సుత ఒక పటం చేసింది, ఏడాదిల 30 డిగ్రీలు దాటే రోజులెన్ని అని లెక్కపెట్టి. మనకు అసుంటిది మొక్క మీద రాసి ఇచ్చేటోడు లేడు. అందుకే నర్సరీల ఒకటే అడగాలె: ఇది మా దిక్కు ఒక ఎండకాలం దాటిందా? దాటిన చెట్టు చూపిస్తవా?

మినియాపొలిస్ అక్క అయిదో ఏడు మల్లె కొనలే. ముంగట లైలాక్ నాటింది. మూడో మే నెలల నాలుగు గుత్తులొచ్చినయ్. వాళ్లమ్మ వీడియో కాల్ల చూసి అడిగిన మొదటి మాట, "జడల పెట్టుకుంటే నిలుస్తదా బిడ్డా?" నిలవది, గుత్తి బరువుంటది, తెంపినంక తొందరగ వాడుతది. చెంబుల నీళ్లు పోసి దేవుని పటం ముందట పెట్టింది.