పేడ ఎరువయ్యే చోటు, కాలుష్యమయ్యే చోటు

భివండీ, కాశేలి ప్రాంతాల మరమగ్గాల మీద పనిచేసే తెలుగువారిలో చాలామంది కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుండి వచ్చినవారు. ఆ పల్లెల్లో పెంటకుప్ప రైతుకు సంపద. ఎండాకాలంలో బండ్లపై పెంట తోలడం, కోసిన చేలలో రాత్రిళ్లు గొర్రెల మంద పెట్టించడం వారు ఎరిగినవే. అటువంటివారికి పేడను కాలుష్యమనడం వింతగా తోస్తుంది. నిజానికి దోషం పేడలో లేదు. అది ఎంత పోగుపడుతుంది, ఎంత తడిగా ఉంటుంది, చివరకు ఎక్కడికి చేరుతుంది అన్నవాటిలోనే ఉంది.

మొదట పరిమాణం. పెద్ద పశువు ఒకటి రోజుకు 15 నుండి 20 కిలోల పేడ, దాదాపు అన్నే లీటర్ల మూత్రం విడుస్తుందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. రెండు ఎడ్లు, ఒక బర్రె ఉన్న ఇంట అది ఆ ఇంటి పొలానికే చాలదు. నూరు గేదెల తబేలాలో మాత్రం రోజుకు ఒకటిన్నర నుండి రెండు టన్నులు పోగుపడుతుంది. మాగేసరికి బరువు సగానికి తగ్గిందనుకున్నా, ఎకరాకు 4 టన్నుల చొప్పున ఏడాదికి కనీసం సుమారు 70 ఎకరాలకు సరిపోయే ఎరువు అది. ఆ 70 ఎకరాలు తబేలాకు అందుబాటులో ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. కాశేలి చుట్టూ ఒకప్పటి వరిమళ్లలో నేడు గోదాములు నిలిచాయి. ముంబయి నగరంలోని తబేలాలను ఊరి బయటికి తరలించడానికి 1949లో ఆరే పాల కాలనీని నెలకొల్పినప్పుడు అది నగర శివారు. నేడు నగరం దాన్ని చుట్టుముట్టింది.

రెండవది నీరు. ఊరి అలవాటు ఇక్కడ చెల్లనిది ఈ విషయంలోనే. కరీంనగర్‌లో ఏడాది వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు; ఠాణే జిల్లాలో 2,000 దాటుతుంది, అదీ చాలావరకు నాలుగు నెలల్లోనే. అక్కడ ఆరుబయట నిలిచే కుప్ప ఇక్కడ జూలై నాటికి కరిగి కాలువ పాలవుతుంది. తబేలా కడిగిన నీరూ అదే దారి పడుతుంది. ఆ మురుగు ఉల్హాస్ ఖాడీలో చేరితే, దానిని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. చేపలకు ఊపిరి అందదు. సముద్రపు పోటు వచ్చినప్పుడు మురుగు వెనక్కి మళ్లుతుంది గనుక, అది ఒక్కసారిగా కొట్టుకుపోతుందని ఆశించడానికీ లేదు. పేడను మురుగుకాలువలోకి వదలరాదని మండలి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

గాలి సంగతి కంటికి కనబడదు. పేడ, మూత్రం కలిసి నిలిస్తే అమ్మోనియా పుడుతుంది. ముక్కుకు తగిలే ఆ ఘాటు నిజానికి పైరుకు అందవలసిన నత్రజని. గాలి ఆడని తడిగుంటలో మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించే శక్తి దానికి బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ. ఎండిన పిడకలోనూ, తరచు తిరగవేసే కుప్పలోనూ అది చాలా తక్కువ. గోబర్ గ్యాస్ తొట్టిలో అదే మీథేన్ వంటింటి ఇంధనమవుతుంది: 25 కిలోల పచ్చిపేడకు సుమారు ఒక ఘనపు మీటరు వాయువు. మిగిలిన జారులో నత్రజని చాలావరకు నిలిచే ఉంటుంది గనుక పొలానికి నష్టం లేదు.

కొంకణపు వరి రైతుల పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పదగినది. నారుమడిలో ఎండుపేడ, ఆకులు, కొమ్మలు పరచి వానలకు ముందు కాల్చడాన్ని మరాఠీలో ‘రాబ్’ అంటారు. కలుపు విత్తనాలు మాడిపోతాయి, బూడిదతో పొటాష్ అందుతుంది. నారు బలంగా లేస్తుంది. అందుకే ఆ పద్ధతి ఇంతకాలం నిలిచింది, దాన్ని మూఢత్వమని కొట్టివేయరాదు. అయితే పేడలోని నత్రజని, నేలకు గుల్లదనమిచ్చే సేంద్రియ పదార్థం పొగలో పోతాయి. మాగిన ఎరువును తొలకరి దుక్కిలో కలియదున్నితే ఆ రెండూ మట్టిలోనే ఉంటాయి.

అద్దె ఇళ్లలో ఉండేవారికి వీటన్నిటికంటే దగ్గరి సమస్య తాగునీరు. తబేలాకు, ఎరువు గుంటకు చేరువలోని బావి లేదా బోరు నీటిలోకి నైట్రేట్ ఇంకవచ్చు. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో డబ్బాపాలు కలిపి పట్టిస్తే, ఆరు నెలలలోపు శిశువు రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. నైట్రేట్‌కు రంగు, రుచి, వాసన లేవు, పరీక్షలోనే తెలుస్తుంది. నీటిని మరగబెడితే క్రిములు చస్తాయి గాని నైట్రేట్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది.