వల ఖాళీ అయినా... లెక్కే!

వల వేస్తే చేప పడాలి. మత్స్యకారుడికి తెలిసిన లెక్క అదే. పడనిచోట కూడా వల వేసి, ఖాళీగా వచ్చిందని రాసుకోమంటే? డీజిలు దండగ అనిపిస్తుంది. కానీ ప్రభుత్వ సర్వే ఓడల్లో జరిగేది సరిగ్గా అదే.

ఆ ఓడలు ‘ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా’వి. 1946లో బొంబాయిలో చిన్న ప్రయోగంగా మొదలైన ఈ సంస్థకు 1983లో ఇప్పటి పేరొచ్చింది. విశాఖపట్నంలోనూ స్థావరం ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా చేపల మీద హక్కు మనదే. ఆ నీళ్లలో ఏ లోతున ఏ చేప ఎంత ఉందో తేల్చడమే దీని పని. ట్రాల్ వలను అడుగున లాగితే గంటకెన్ని కిలోలు పడ్డాయి, పొడవాటి తాడుకు కట్టిన గేలాల్లో వందకెన్ని చేపలు చిక్కాయి... ఇలా సాగుతుంది లెక్క.

ఇక్కడే ఓ చిక్కుంది. వల ఖాళీగా వచ్చిందంటే అక్కడ చేపల్లేవనా, వల సరిగా దిగలేదనా? తాడు బిగువు, వలకు అంటిన బురద, చిరిగిన తీరు చూసి సంగతి చెప్పగలిగేది సముద్రంలో చేయి తిరిగినవాడే. అతను లేకపోతే చేపలున్న చోటు కూడా పటంలో సున్నాగా మిగిలిపోతుంది.

అందుకే ఇలాంటి ఓడల మీద అనుభవానికి అంత విలువ. స్కిప్పర్, మేట్ కావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. ఆ శిక్షణ కోసమే 1963లో కొచ్చిలో కేంద్ర సంస్థ వెలిసింది. దానికి విశాఖలోనూ శాఖ ఉంది. మరి ఒడ్డునున్న కొండనూ గుడినీ ఒక వరసలోకి తెచ్చుకుని, నడిసంద్రంలో చేపల తావును గుర్తుపట్టే విద్యకో? దానికి సర్టిఫికెట్ లేదు. తండ్రి పక్కన పడవలో కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఆ తావుల గుట్టు ఎవరూ ఊరికే చెప్పరు. పటానికెక్కితే రేపు పెద్ద ఓడలు రావన్న భరోసా ఏదీ? ఈ భయం ఊహ కాదు. 1991 నాటి విధానం విదేశీ భాగస్వామ్యంతో నడిచే ఓడలను మన జలాల్లోకి రానిచ్చింది. దేశమంతటా మత్స్యకారులు రోడ్డెక్కారు. ఆ లైసెన్సులు రద్దు చేయాలని చివరికి 1996లో మురారి కమిటీ సిఫార్సు చేసింది.

జీతమిస్తే వల లాగే చేతులు దొరుకుతాయి. గుట్టు చెప్పే నోరు విప్పించాలంటే మాత్రం, ఆ పటం మొదట తమ పల్లెకే ఉపయోగపడుతుందన్న నమ్మకం కలిగించాలి!